‘ఓవర్‌నైట్’ అంటే ఎన్ని గంటలు? ప్రోటోకాల్స్ డాట్ ఐఓ సేవపై సమీక్ష

మామిడి ఆకు నుంచి డీఎన్‌ఏ తీయడం ఎంత తలనొప్పి పనో ఆ చెట్టు మీద పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆకును ద్రవ నత్రజనిలో గడ్డకట్టించి, కల్వంలో మెత్తగా నూరి, 65 డిగ్రీల వేడిలో ఉంచిన సీటాబ్ బఫర్‌లో (కణాలను పగలగొట్టే డిటర్జెంటు ద్రావణం) కలిపి, క్లోరోఫామ్, ఐసోఅమైల్ ఆల్కహాల్ మిశ్రమంతో మలినాలను వేరుచేసి, పైన తేలిన పొరను మరో ట్యూబులోకి తీసుకుని ఐసోప్రొపనాల్ పోస్తే, తెల్లని దూదిపోగులాగా డీఎన్‌ఏ విడివడి కనిపించాలి. రెండేళ్ల కిందట మా ప్రయోగశాలలో కొత్తగా చేరిన ఒక రీసెర్చ్ స్కాలర్‌కు మూడు వారాల పాటు దక్కింది మాత్రం గోధుమరంగు బంకే. “అక్కా, ఇవాళ కూడా డికాషన్ రంగులోనే వచ్చింది” అంటూ ఆ అమ్మాయి ట్యూబును ట్యూబ్‌లైటు వైపు ఎత్తి చూపిన రోజున, ఆమె చేతిలో ఉన్న పరిశోధన పత్రాన్ని నేను మరోసారి చదివాను. పద్ధతికి అందులో కేటాయించిన చోటు రెండు వాక్యాలు. మొదటిది, డీఎన్‌ఏను సీటాబ్ పద్ధతిలో సేకరించామని. రెండోది, ఆ పద్ధతిలో స్వల్ప మార్పులు చేశామని. ఆ స్వల్ప మార్పులేమిటో తెలుసుకోవడానికి రచయితకు రెండుసార్లు మెయిల్ పెట్టినా సమాధానం రాలేదు.

చివరకు ఆ మార్పు మాకు దొరికిన చోటు ప్రయోగ పద్ధతులను పంచుకునే వెబ్‌సైటు ప్రోటోకాల్స్ డాట్ ఐఓ. అది మామిడి గురించిన పేజీ కూడా కాదు. వేరొక చెట్టు ముదురు ఆకుల గురించి ఎవరో రాసిన పద్ధతిలో, నూరడం అనే దశ కింద, చదివినవారొకరు ఒక ప్రశ్న వేశారు: నూరిన పొడి బఫర్‌లో పడేలోపు కరగనిచ్చారా? కరగనివ్వకూడదని, చెంచాను కూడా ద్రవ నత్రజనిలో ముంచి చల్లబరచాలని, ఆకు రసం గోధుమరంగుకు మారకుండా ఆపే బీటా మెర్కాప్టోఇథనాల్‌ను బఫర్ సీసాలో ముందే కలిపి ఉంచక వాడే పూటే కలపాలని రాసినవారు బదులిచ్చారు. మా సీసా మీద తేదీ చూస్తే అది కలిపి నెల దాటింది. హైదరాబాద్ ఏప్రిల్ ఎండలో, ఏసీ అంతంతమాత్రంగా పనిచేసే మా గదిలో, నూరిన పొడి కల్వం అంచునే కరిగిపోతోంది. పొడి కరిగిన క్షణం నుంచి ఆకులోని పాలీఫినాల్స్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి క్వినోన్లుగా మారి డీఎన్‌ఏకు అంటుకుంటాయి, గోధుమరంగు అక్కడి నుంచే వస్తుంది. ఈ రసాయన శాస్త్రం మాకు తెలియనిది కాదు. ఏ క్షణంలో ఏ చేత్తో ఏం చేయాలన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆనాటి నుంచి ఈ సేవను మా ప్రయోగశాలలో దాదాపు ప్రతిరోజూ వాడుతున్నాము. ప్రయోగ పద్ధతులను రాసి, భద్రపరచి, పంచుకుని, వాటిపై ప్రశ్నలు, సలహాలు ఇచ్చిపుచ్చుకోవడానికి ఏర్పడిన ఈ సేవలో మేలేమిటో, లోటేమిటో, డబ్బు కట్టదగినదా కాదా అన్నది, ఇదే అవసరంలో ఉన్న తెలుగు పరిశోధకుల కోసం కాస్త వివరంగా రాయాలనిపించింది.

ముందుగా దీని అవసరం ఎంత పెద్దదో చెప్పాలి. క్యాన్సర్ పరిశోధనలో పేరొందిన ప్రయోగాలను మళ్లీ చేసి చూడాలని 2013లో అమెరికాలో ఒక పెద్ద ప్రాజెక్టు మొదలైంది. 2010, 2012 మధ్య వెలువడిన 53 పత్రాల నుంచి 193 ప్రయోగాలను ఎంచుకున్నారు. పత్రంలో ఉన్నది మాత్రమే చదివి మళ్లీ చేయడానికి ప్రణాళిక వేసుకోగల ప్రయోగం ఆ 193లో ఒక్కటంటే ఒక్కటి కూడా లేదు. ప్రతిదానికీ మూల రచయితలను అడగవలసి వచ్చింది. అడిగితే 41 శాతం ప్రయోగాల విషయంలో రచయితలు ఎంతో సాయపడ్డారు. 32 శాతం విషయంలో ఏమాత్రం సాయపడలేదు, లేదా అసలు పలకనే లేదు. 2021లో ఫలితాలు ప్రకటించే నాటికి పూర్తిచేయగలిగినవి 23 పత్రాలలోని 50 ప్రయోగాలు మాత్రమే. మా స్కాలర్ పంపిన రెండు మెయిళ్లు ఆ 32 శాతం జాతివే అనుకుని నేను ఊరట చెందాను.

దీనిలో దురుద్దేశం తక్కువ, అలవాటు ఎక్కువ. పత్రికలు పద్ధతుల విభాగానికి చోటు కుదించాయి. ‘పూర్వం వివరించిన విధంగా’ అని ఒక పాత పత్రాన్ని చూపించడం, ఆ పాత పత్రం మరో పాత పత్రాన్ని చూపించడం, చివరికి పదేళ్ల కిందటి పత్రంలో ‘స్వల్ప మార్పులతో’ అన్న మాట దగ్గర దారి మూసుకుపోవడం మనలో ప్రతి ఒక్కరికీ అనుభవమే. వంటల పుస్తకంలో ‘ఉప్పు తగినంత’ అని రాసినట్లు మన పత్రాలలో ‘ఓవర్‌నైట్’ అని రాస్తాము. సాయంత్రం ఐదింటికి పెట్టి ఉదయం తొమ్మిదింటికి తీసే ప్రయోగశాలలో ఓవర్‌నైట్ అంటే పదహారు గంటలు. రాత్రి పదకొండు దాటాక పెట్టి, బస్సు దొరక్క పదింటికి వచ్చే స్కాలర్‌కు అది పదకొండు గంటలు. ‘రూమ్ టెంపరేచర్’ సంగతి ఇంకా విచిత్రం. చలిదేశంలో కూర్చుని రాసినవారికి అది 20, 22 డిగ్రీలు. మే నెలలో కరెంటు పోయినప్పుడు మాకు 36. సీటాబ్ చల్లదనానికి పేరుకుపోయే పదార్థం కనుక డిసెంబరు ఉదయాలలో ఏసీ గదిలో బఫర్ తెల్లగా గడ్డలు కట్టడమూ చూశాము. ‘గది ఉష్ణోగ్రత’ అన్న ఒక్క మాట కింద ఇన్ని ఋతువులు దాగి ఉన్నాయి.

ఈ సేవ పుట్టుకలో కూడా ఇలాంటి కథే ఉంది. స్థాపకులలో ఒకరైన లెన్నీ టైటెల్‌మన్ ఎంఐటీలో పోస్ట్‌డాక్టరల్ పరిశోధకుడిగా ఉన్నప్పుడు, అప్పటికే ప్రచురితమైన ఒక పద్ధతిలోని ఒకే ఒక్క దశను సరిచేయడానికి ఆయనకు ఏడాదిన్నర పట్టింది. ఒక రసాయనం 1 మైక్రోలీటరు సరిపోదు, 5 కావాలి. 15 నిమిషాలు ఉంచితే చాలదు, గంట ఉంచాలి. అంతే. అది కొత్త పద్ధతి కాదు, ఉన్నదానికి దిద్దుబాటు మాత్రమే కనుక పత్రంగా ప్రచురించుకోవడానికి వీలులేదు. ఆ పద్ధతిని వాడే మిగతావారందరూ అదే గోతిలో పడుతూనే ఉంటారు. ఆ దిద్దుబాటును పెట్టడానికి ఒక చోటు ఉండాలన్న ఆలోచనతో 2012లో కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఈ పని మొదలైంది. 2014లో కిక్‌స్టార్టర్ ద్వారా జనం నుంచి చందాలు కూడా సేకరించారు. 2023లో స్ప్రింగర్ నేచర్ సంస్థ దీనిని కొనుగోలు చేసింది. ఆ విషయానికి తరువాత వస్తాను.

వాడుకలో ఇది ఎలా ఉంటుందో చెప్పాలంటే, పద్ధతిని ఒక వ్యాసంగా కాక విడివిడి దశలుగా రాయాలి. ప్రతి దశలోనూ ఎంత పరిమాణం, ఎంతసేపు, ఎంత వేడి, ట్యూబులను గిరగిరా తిప్పే సెంట్రిఫ్యూజ్ వేగమెంత అన్నవాటికి వేర్వేరు గడులు ఉంటాయి. ప్రమాదాన్ని హెచ్చరించడానికి ఒక చోటు, ఈ దశ ముగిసేసరికి కంటికి ఏం కనిపించాలో రాయడానికి ఒక చోటు ఉంటాయి. ఈ చివరిది నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. ‘పై పొర లేత పసుపు రంగులో, గట్టిగా ఊపినా నురగ రాకుండా ఉండాలి’ అన్న ఒక్క వాక్యం కొత్తగా చేరిన స్కాలర్‌కు ఒక సీనియర్ పక్కన నిలబడినంత ధైర్యం ఇస్తుంది. పద్ధతిని ఫోనులో తెరిచి ‘రన్’ నొక్కితే ఒక్కో దశ ముగిసినప్పుడల్లా గుర్తు పెట్టుకుంటూ వెళ్లవచ్చు, సమయం గడులు తామే గడియారాలవుతాయి, ఆ రోజు మనం మార్చినదేమిటో అక్కడే రాసుకోవచ్చు.

గడులను నింపవలసి రావడం వల్ల మనకు మనమే దొరికిపోతాము. మా పాత నోటుబుక్కులలో అన్నిచోట్లా ‘13,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు), 10 నిమిషాలు’ అని ఉంది. ఆ సంఖ్యకు రోటర్ వ్యాసార్థం తెలియకపోతే అర్థమే లేదు. 7 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న చిన్న సెంట్రిఫ్యూజ్‌లో ఆ వేగం భూమ్యాకర్షణకు సుమారు 13,200 రెట్లు అవుతుంది. 10 సెంటీమీటర్ల రోటర్‌లో అదే వేగం దాదాపు 18,900 రెట్లు. మా పాత యంత్రం చెడిపోయి కొత్తది వచ్చిన నెలలో పెల్లెట్లు (ట్యూబు అడుగున పేరుకునే ముద్దలు) ఎందుకు అంత గట్టిగా అతుక్కుపోయి కరగడానికి మొరాయించాయో, ఆ గడిలో ఏ ప్రమాణం రాయాలో తేల్చుకోవడానికి లెక్క వేసుకున్న రోజున గానీ మాకు అర్థం కాలేదు.

బహిరంగంగా పెట్టిన ప్రతి పద్ధతికీ డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య వస్తుంది. పెట్టినదాన్ని ఆ తరువాత గుట్టుగా దిద్దడం కుదరదు. మార్పు ఉంటే రెండో వెర్షన్ పెట్టాలి, మొదటిది అలాగే ఉండిపోతుంది, రెంటికీ తేడా ఏమిటో ఎవరైనా చూడవచ్చు. మరొకరి పద్ధతిని మన అవసరానికి తగినట్లు మార్చుకుని, మూలం పేరు పోకుండా మన శాఖగా ప్రచురించుకోవచ్చు. ఇక ప్రశ్నలు. మొత్తం పద్ధతి కింద మాత్రమే కాక ఏ దశకు ఆ దశ కింద ప్రశ్న వేయవచ్చు. వినడానికి ఇది చిన్న సదుపాయం. ‘మీ పద్ధతి మాకు పనిచేయలేదు’ అని మెయిల్ రాస్తే అవతలివారికి అది నిందలా వినిపిస్తుంది. ‘ఏడో దశలో మీరు ట్యూబును తిరగేసి కలిపారా, వోర్టెక్స్ (యంత్రంతో గట్టిగా కుదపడం) చేశారా?’ అని ఆ దశ పక్కనే అడిగితే అది పనిలో ఉన్న ఇద్దరి మధ్య మాటలా ఉంటుంది, బదులు ఇవ్వడానికి చేయి వస్తుంది.

ఈ ఏర్పాటు ఎంత దూరం పనికివస్తుందో లోకం చూసింది కోవిడ్ కాలంలో. 2020 జనవరి రెండో వారంలో వైరస్ జన్యుక్రమం బయటికి వచ్చింది, సుమారు 29,900 అక్షరాలు. ఆ నెల ముగియకముందే బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయానికి చెందిన జోష్ క్విక్, ఆర్టిక్ నెట్‌వర్క్ తరఫున, ఆ వైరస్‌ను సీక్వెన్స్ చేసే (జన్యుక్రమాన్ని చదివే) పద్ధతిని ఇక్కడ బహిరంగంగా పెట్టారు. జన్యుక్రమాన్ని ఒక్కొక్కటి 400 అక్షరాల చొప్పున, అంచులు ఒకదానిమీదొకటి పడేలా 98 ముక్కలుగా విడదీసి, ఇరుగుపొరుగు ముక్కలు ఒకే ట్యూబులో పడకుండా రెండు ట్యూబులలో పీసీఆర్ (డీఎన్‌ఏ నకళ్లను పెంచే ప్రక్రియ) చేయడం అందులోని కిటుకు. పెంకుటింటి కప్పు మీద పెంకులు పరిచినట్లు ఉంటుంది. ప్రపంచం నలుమూలలా ప్రయోగశాలలు దానిని అందుకున్నాయి, అందుకుని ఊరుకోకుండా లోపాలు వెతికాయి. 18వ ముక్క, 76వ ముక్క సరిగా రావడం లేదని, ఎందుకంటే వాటి ప్రైమర్లు (నకలు ఎక్కడ మొదలవాలో చూపే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) రెండు ఒకదానికొకటి అంటుకుపోతున్నాయని, ఆ జతను విడదీస్తే లోటు తీరుతుందని జపాన్ పరిశోధకులు కొద్ది నెలల్లోనే చూపించారు. తరువాతి వెర్షన్లలో ప్రైమర్లు మారాయి. ఖర్చు తగ్గించే వెర్షన్ ఒకటి వచ్చింది. డెల్టా రకం వైరస్ వచ్చాక 72వ ముక్క రాలిపోవడం మొదలైతే 2021 జూన్‌లో నాలుగో ప్రైమర్ సముదాయం విడుదలైంది. మన దేశంలో వైరస్ జన్యు నిఘాకు 2020 డిసెంబరులో ఇన్సాకాగ్ ఏర్పడినప్పుడు తొలి పది ప్రయోగశాలలలో రెండు, సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, హైదరాబాద్‌వే. ఆ రోజుల్లో సీక్వెన్సింగ్ పనిలో ఉన్న మిత్రులతో ఏమి మాట్లాడినా సంభాషణ చివరికి ‘నువ్వు ఏ వెర్షన్ ప్రైమర్లు వాడుతున్నావు?’ అన్న ప్రశ్న దగ్గరికే చేరేది. అది మామూలు పత్రికలో పత్రంగా వచ్చి, సమీక్షలు ముగిసి, దిద్దుబాటు మరో పత్రంగా వచ్చేదాకా ఆగి ఉంటే ఏమయ్యేదో ఊహించడానికి పెద్ద కష్టం లేదు.

ఇంత చెప్పాక, దీనిని సర్వరోగ నివారిణిగా భావించవద్దని కూడా చెప్పాలి. రాసేవారికి ముఖ్యమని తోచినదే రాస్తారు, తోచనిది గడి ఉన్నా రాయరు. దీనికి నాకు బాగా గుర్తుండే ఉదాహరణ, ఈ సేవతో సంబంధం లేనిదే, 2014లో ప్రచురితమైంది. బర్కిలీలోని మీనా బిస్సెల్ ప్రయోగశాల, బోస్టన్‌లోని కార్నీలియా పోల్యాక్ ప్రయోగశాల కలిసి మానవ స్తన కణాలను వేరుచేసే పని పెట్టుకున్నాయి. ఇద్దరిదీ అదే రకం కణజాలం, అవే యాంటీబాడీలు, అదే రకం పరికరం, ఫలితాలు మాత్రం కలవలేదు. ఏడాదికి పైగా తలలు పట్టుకున్నాక, ఇద్దరు శాస్త్రవేత్తలు ఒకే గదిలో పక్కపక్కన నిలబడి పనిచేసినప్పుడు బయటపడింది ఏమిటంటే, కణజాలాన్ని ఎంజైముతో కరిగించేటప్పుడు ఒకరు గిన్నెలో వేగంగా కలియబెడుతున్నారు, మరొకరు చాలాసేపు నెమ్మదిగా ఊపుతున్నారు. ఊపడంలో ఏముందని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. ఏ గడి వారిచేత ఆ మాట రాయించేది? ఒక ప్రశ్న రాయించగలదు, అవతలివారి చేతివాటం వేరైనప్పుడే ఆ ప్రశ్న పుడుతుంది. అందుకే ఈ సేవలో నిజమైన సరుకు దశలలో కంటే దశల కింద జరిగే సంభాషణలలో ఉందని నా అభిప్రాయం.

సరిగ్గా అక్కడే నాకు అసంతృప్తి కూడా. నేను తెరిచి చూసిన పేజీలలో ఎక్కువవాటి కింద ఒక్క ప్రశ్న కూడా లేదు. ఈ లోపం సేవది కాదు, మనది. నలుగురిలో ప్రశ్న అడిగితే చిన్నతనం అనుకుంటాము. మన గైడ్లలో కొందరు ‘మన ఇబ్బంది బయటివారికి ఎందుకు తెలియాలి’ అంటారు. పోటీలో ఉన్న ప్రయోగశాల చూస్తుందేమోనని సంకోచం. మా స్కాలర్ కూడా ఆ నూరుడు సలహా ఫలించి తెల్లని డీఎన్‌ఏ చేతికి వచ్చిన తరువాత, దాని కింద ఒక కృతజ్ఞతా వాక్యం రాయడానికి వారం రోజులు జంకింది. ఏం రాయాలని అడిగితే, మామిడి ఆకుకు ఎంత పీవీపీ (పాలీఫినాల్స్‌ను పట్టి ఉంచే పదార్థం) కలిపావో అది రాయమన్నాను. కృతజ్ఞత కంటే ఆ సంఖ్య తరువాత వచ్చేవారికి ఎక్కువ అవసరం.

పద్ధతులు రాయడం రెండో తరగతి పని అన్న భావన మన చదువులలో ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదు గానీ, తెలుగువారమైన మనకు అది అసలే తగదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు జీవరసాయన శాస్త్రంలో మొదట స్థిరపడింది 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రచురించిన ఒక పద్ధతి వల్లనే. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో రంగును బట్టి కొలిచే ఆ పద్ధతి ఇద్దరి పేర్లతో తరతరాల విద్యార్థులకు పాఠమైంది. శాస్త్ర సాహిత్యం మొత్తంలో అత్యధికంగా, 3 లక్షలకు పైగా సార్లు ఉదాహరించబడిన పత్రం కూడా ప్రోటీన్ కొలవడానికి లోరీ బృందం 1951లో ప్రచురించిన పద్ధతే. డీఓఐ సంఖ్య ఉన్నందువల్ల ఈ సేవలో పెట్టిన పద్ధతిని బయోడేటాలో చూపుకోవచ్చు, ఇతరులు ఉదాహరించవచ్చు. ప్లాస్ వన్ పత్రిక ఒక అడుగు ముందుకు వేసి, దశలు ఇక్కడ ఉండి, సందర్భమూ రుజువులూ పత్రికలో ఉండే ప్రత్యేక వ్యాస రకాన్నే ప్రవేశపెట్టింది. మన నియామక కమిటీలు దానిని లెక్కలోకి తీసుకుంటాయా అంటే, ఇంకా ఆ రోజు రాలేదనే చెప్పాలి.

కొత్తవారికి ఒక హెచ్చరిక. ఇక్కడ బహిరంగంగా ఉన్న పద్ధతులను ప్రచురణకు ముందు నిపుణులు సమీక్షించరు, ఎవరైనా పెట్టవచ్చు. పద్ధతి తమ దగ్గర పనిచేస్తోందా, ఇంకా తయారీలో ఉందా అన్నది రచయితే ప్రకటిస్తారు. నేను మొదట చూసేది ఆ ప్రకటనను, తరువాత ఎన్ని వెర్షన్లు వచ్చాయో. నాలుగు వెర్షన్లు ఉన్న పద్ధతి వెనుక నాలుగుసార్లు తప్పు తెలుసుకున్న మనిషి ఉంటారు, ఒకే వెర్షన్‌తో ఐదేళ్లుగా కదలకుండా ఉన్నదానిని జాగ్రత్తగా చూస్తాను. దశలలో సంఖ్యలు లేక క్రియలు మాత్రమే ఉంటే పక్కన పెడతాను. సమీక్షించిన పద్ధతులే కావాలనుకునేవారికి బయో ప్రోటోకాల్, నేచర్ ప్రోటోకాల్స్ వంటి పత్రికలు ఉన్నాయి, చేతి కదలికలు కంటితో చూడాలనుకునేవారికి జోవ్ అనే వీడియో పత్రిక ఉంది, దానిలో చాలాభాగానికి చందా ఉండాలి. నిజానికి కొన్ని పనులకు వీడియోను మించినది లేదు. పొడిని చెంచాతో బఫర్‌లోకి జార్చే వేగాన్ని ఎన్ని మాటలలో రాసినా తక్కువే.

ఖర్చు విషయానికి వస్తే, బహిరంగ పద్ధతులను చదవడానికి, బహిరంగంగా పెట్టడానికి రుసుము లేదు. అలా పెట్టినవాటిని మూలం పేర్కొని ఎవరైనా వాడుకోవచ్చు. ప్రయోగశాల మొత్తం తమ పద్ధతులను గోప్యంగా దాచుకుని, కలిసి దిద్దుకునే సదుపాయం విస్తారంగా కావాలంటే మాత్రం చందా కట్టాలి. ఐదారుగురు ఉన్న విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు అది అనవసరమని నా ఉద్దేశం. పేటెంటు పనిలో ఉన్నవారికి, నాణ్యతా తనిఖీలకు రికార్డులు చూపవలసిన కంపెనీలకు పనికిరావచ్చు.

యాజమాన్యం మారిన సంగతి మనసులో పెట్టుకోవలసినదే. పద్ధతుల విభాగాన్ని చిన్న అచ్చులోకి నెట్టిన ప్రచురణ రంగంలోని పెద్ద సంస్థ చేతికే, ఆ లోటు పూడ్చడానికి పుట్టిన సేవ చేరడం నాకు కొంచెం వింతగా అనిపించింది. బహిరంగంగా చదవడం ఆగిపోతుందన్న భయం నాకు లేదు. అయినా జాగ్రత్త మన చేతిలోనిది కనుక, మేము పెట్టిన ప్రతి పద్ధతినీ పీడీఎఫ్‌గా దించి మా సొంత సర్వర్‌లో ఒక ప్రతి ఉంచుతున్నాము.

బెంచి దగ్గర ఫోను వాడకం గురించి ఒక మాట. డీఎన్‌ఏకు రంగు వేసే, ఒంటికి తగలకూడని ఇథిడియం బ్రోమైడ్ తాకిన గ్లవుజులతో తెర మీద ‘తరువాతి దశ’ నొక్కి, మధ్యాహ్నం అదే ఫోనును చెవికి ఆనించుకునేవారిని చూశాను. మా దగ్గర ఇప్పుడు పద్ధతిని ముద్రించి, ప్లాస్టిక్ కవరులో పెట్టి, బెంచి పైన అతికిస్తాము. రన్ రికార్డు పని ముగిసి చేతులు కడుక్కున్నాక డెస్కు దగ్గర నింపుతాము. దీనివల్ల సమయం గడియారాల సౌకర్యం పోతుంది, పోనిద్దాం.

భాష విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. ఇక్కడంతా ఇంగ్లీషే. అయితే మా దగ్గర నమూనాలు తెచ్చేది, ఆకులు కోసి సంచిలో పెట్టేది తోటలో పనిచేసే సిబ్బంది. ఏ ఆకు కోయాలి, ఎప్పుడు కోయాలి, కోశాక ఐసు మీద ఎంతసేపట్లో చేర్చాలి అన్నదాని మీదే పని సగం ఆధారపడి ఉంటుంది. అందుకని మా పద్ధతి రెండో వెర్షన్‌లో నమూనా సేకరణ దశను ఇంగ్లీషులోనూ, కింద తెలుగులోనూ రాశాము. తెలుగు అక్షరాలను ఆ గడి ఏ ఇబ్బందీ లేకుండా తీసుకుంది. ‘లేత రాగిరంగు ఆకులు మాత్రమే, పచ్చబడినవి వద్దు, ఎండెక్కకముందు కోయాలి’ అన్న ఆ వాక్యం స్కాలర్ రాసినది కాదు, మా తోటమాలి చెప్పినది. ఆయన పేరును కూడా, ఆయన అనుమతితో, రచయితల వరుసలో చేర్చాము.

ఆ పేజీ కింద ఇప్పటిదాకా రెండు ప్రశ్నలు వచ్చాయి. ఒకటి పీవీపీ ఏ రకమని. రెండోది, మేము అన్నిటికంటే శ్రద్ధగా నింపామనుకున్న గడి గురించి: ‘గది ఉష్ణోగ్రత 34 డిగ్రీలు అని రాశారు, అది అచ్చుతప్పా?’